టికెట్టుకూ ఒక గడువు ఉండాలి

2024 మే 13న చీపురుపల్లిలో పోలింగు జరిగేనాటికి తెలుగుదేశం అభ్యర్థి కిమిడి కళావెంకటరావు తొలిసారి శాసనసభలో అడుగుపెట్టి 41 ఏళ్లయింది. 1983లో ఎన్టీఆర్ ప్రభంజనంలో ఉణుకూరు నుంచి గెలిచారాయన. ఆయనకు ఎదురు నిలిచిన బొత్స సత్యనారాయణ 1999లో బొబ్బిలి నుంచి లోక్‌సభకు వెళ్లినవారు, 2004, 2009, 2019లలో చీపురుపల్లి ఎమ్మెల్యే. ఈసారి కళావెంకటరావు గెలిచారు. బొత్స ఆగస్టులో విశాఖ స్థానిక సంస్థల స్థానం నుంచి ఏకగ్రీవంగా శాసనమండలికి ఎన్నికై అక్కడ ప్రతిపక్ష నాయకుడయ్యారు. ఇద్దరూ ప్రజల మధ్య తిరిగి ఓట్లు తెచ్చుకున్నవారే, ఇద్దరికీ సభ మీద పట్టుంది. అయినా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ ఊళ్లో కుర్రాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. ఎన్నాళ్లు చూసినా వీళ్లేనా, మనవాడికి వంతు ఎప్పుడొస్తుంది?

ఆ ప్రశ్నకు రాజ్యాంగంలో జవాబు లేదు. 173వ అధికరణ ప్రకారం ఎమ్మెల్యేగా పోటీ చేయడానికి పౌరసత్వం ఉండాలి, 25 ఏళ్లు నిండాలి. ఎన్నిసార్లు పోటీ చేయవచ్చో, ఎన్నేళ్లు కొనసాగవచ్చో అందులో లేదు. మిగతా పదవులు అలా లేవు. హైకోర్టు న్యాయమూర్తి 62 ఏళ్లకు దిగిపోవాలి. కంపెనీలో స్వతంత్ర డైరెక్టరు అయిదేళ్ల చొప్పున వరుసగా రెండు దఫాలు మించి ఉండకూడదని 2013 కంపెనీల చట్టం చెబుతుంది. సహకార బ్యాంకు డైరెక్టరుకు ఎనిమిదేళ్ల హద్దు ఉండేది, 2025లో దాన్ని పదేళ్లు చేశారు. సర్పంచి సంగతి సరేసరి. రిజర్వేషన్ కలిసొస్తే పోటీ, మారితే ఇంటికి. ఇద్దరు పిల్లలకు మించి ఉన్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదని 1994లో పెట్టిన నిబంధన 2024 దాకా, అంటే 30 ఏళ్లు, మన పల్లెల్లో ఎంతోమంది ఆశలకు అడ్డుపడింది. ఆ నిబంధన చేసింది శాసనసభే. తనకు మాత్రం అది వర్తించలేదు.

కాబట్టి ఎమ్మెల్యేలకూ గడువు పెట్టాలన్న కోరిక న్యాయమైనదే. చట్టపరంగా అసాధ్యమేమీ కాదు. శాసనసభ సభ్యుల అర్హతలను, అనర్హతలను చట్టం ద్వారా నిర్ణయించే అధికారం 173, 191 అధికరణలు పార్లమెంటుకు ఇచ్చాయి. పోటీ చేసే హక్కుకు చట్టం షరతులు పెట్టవచ్చని 2003లో జావేద్ కేసులో, 2015లో రాజబాల కేసులో సుప్రీంకోర్టు హర్యానా పంచాయతీ నిబంధనలను సమర్థిస్తూ చెప్పింది. అయితే రెండుసార్లు గెలిచిన మనిషి మూడోసారి నిలబడకూడదని చట్టం చేస్తే మన రెండు జిల్లాల్లో ఏమవుతుంది? దీనికి ఊహలతో పనిలేదు. దాదాపు అలాంటి ప్రయోగమే ఇక్కడ ఒకసారి జరిగిపోయింది.

2009 ఎన్నికల నాటికి నియోజకవర్గాల పునర్విభజన జరిగింది. మనిషికి గడువు పెట్టడం కాదు, ఏకంగా సీటునే తీసేశారు. హరిశ్చంద్రపురం పోయింది, సోంపేట పోయింది, ఉణుకూరు పోయింది. హరిశ్చంద్రపురంలో 1983 నుంచి కింజరాపు ఎర్రన్నాయుడు నాలుగుసార్లు ఎమ్మెల్యే. ఆయన 1996లో లోక్‌సభకు వెళ్తే ఉప ఎన్నికలో తమ్ముడు అచ్చెన్నాయుడు వచ్చారు, 1999లో, 2004లో కూడా ఆయనే. 26 ఏళ్లు ఆ సీటు ఒకే ఇంట్లో ఉంది. సోంపేట నుంచి సర్దార్ గౌతు లచ్చన్న శాసనసభకు వెళ్లారు, ఆ తర్వాత కుమారుడు గౌతు శ్యామసుందర శివాజీ వెళ్లారు. ఉణుకూరు కళావెంకటరావుది. మూడు సీట్లూ పోయిన 2009లో ఈ ముగ్గురిలో ఎవరూ సభలో లేరు. పాత కోటలు కూలాయని అప్పుడు అనుకున్నవాళ్లున్నారు. 2014 వచ్చేసరికి అచ్చెన్నాయుడు టెక్కలి నుంచి, శివాజీ పలాస నుంచి, కళావెంకటరావు ఎచ్చెర్ల నుంచి గెలిచి సభలో ఉన్నారు. 2024లో పలాసలో శివాజీ కుమార్తె గౌతు శిరీష గెలిచారు. టెక్కలి అచ్చెన్నాయుడి చేతిలోనే ఉంది. ఎర్రన్నాయుడి కుమారుడు రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం నుంచి మూడోసారి లోక్‌సభకు గెలిచి కేంద్ర మంత్రి అయ్యారు. నియోజకవర్గమే మాయమైనా చెక్కుచెదరని కుటుంబాన్ని రెండు దఫాల నిబంధన కదిలిస్తుందా?

ఇది ఒక పార్టీ కథ కాదు. కాంగ్రెస్ హయాంలో 2009లో చీపురుపల్లి బొత్స సత్యనారాయణది, గజపతినగరం ఆయన తమ్ముడు అప్పలనరసయ్యది, నెల్లిమర్ల దగ్గరి బంధువు బడ్డుకొండ అప్పలనాయుడిది, విజయనగరం లోక్‌సభ స్థానం భార్య ఝాన్సీలక్ష్మిది. అదే ముగ్గురు ఎమ్మెల్యేలు 2019లో వైసీపీ నుంచి తిరిగి గెలిచారు. నరసన్నపేటలో 1989లో, 1999లో గెలిచిన ధర్మాన ప్రసాదరావు 2004లో శ్రీకాకుళానికి మారితే అన్న కృష్ణదాస్ నరసన్నపేటకు వచ్చారు. 2012 ఉప ఎన్నికలో అక్కడ వైసీపీ అభ్యర్థి కృష్ణదాస్, కాంగ్రెస్ అభ్యర్థి వారి సోదరుడు రామదాస్. నరసన్నపేట ఓటరు ఈ రెండు పార్టీల్లో దేనికి ఓటేసినా ఒకే ఇంటికి వేసినట్టయింది. బొబ్బిలిలో సుజయ్‌కృష్ణ రంగారావు మూడుసార్లు గెలిచాక 2019లో ఓడితే, 2024లో తమ్ముడు బేబినాయన గెలిచారు. మనిషికి గడువు పెడితే ఈ ఇళ్లలో ఎక్కడా ఇబ్బంది ఉండదు. అన్న గడువు తీరితే తమ్ముడుంటాడు, తండ్రి తర్వాత కూతురుంటుంది.

ఫిలిప్పీన్స్‌లో జరిగింది సరిగ్గా ఇదే. మార్కోస్ నియంతృత్వం కూలాక 1987లో రాసుకున్న రాజ్యాంగంలో ప్రతినిధుల సభ సభ్యుడు మూడేళ్ల చొప్పున వరుసగా మూడు దఫాలు మించి ఉండకూడదని పెట్టారు. రాజకీయ వంశాలను చట్టం ద్వారా నిషేధిస్తామని కూడా అదే రాజ్యాంగంలో రాశారు. గడువు అమలైంది, నిషేధం చట్టం కాలేదు. ఫలితంగా గడువు ముగిసిన సభ్యుడి సీట్లో భార్య, కొడుకు, చెల్లెలు కూర్చోవడం, ఆయన గవర్నరుగానో మేయరుగానో పోయి మూడేళ్లకో ఆరేళ్లకో తిరిగి రావడం అక్కడ రివాజైంది. అంతకుముందు ఇంటికొకరే రాజకీయాల్లో ఉన్నచోట గడువు పుణ్యమా అని ముగ్గురు నలుగురు తయారయ్యారు.

ఇక్కడ తప్పు ఓటరుదని అనేవాళ్లున్నారు. వెనుకబడిన జిల్లాలు, వలసల జిల్లాలు, ఇంటిపేరు చూసి ఓటేస్తారని ఒక మాట చెలామణీలో ఉంది. ఈ మాటను నేను ఒప్పుకోను. 1937లో మద్రాసు రాష్ట్ర ప్రధానిగా, జస్టిస్ పార్టీ నాయకుడిగా ఉన్న బొబ్బిలి రాజాను ఆయన సొంత గడ్డ బొబ్బిలిలోనే వి.వి.గిరి చేతిలో ఓడించింది ఈ ప్రాంతపు ఓటరే. అప్పటికి అందరికీ ఓటు హక్కు కూడా లేదు. విజయనగరంలో 1978 నుంచి 1999 దాకా ఆరు ఎన్నికల్లో వరుసగా గెలిచిన పూసపాటి అశోక్ గజపతిరాజును 2004లో ఓడించింది ఏ పార్టీ గుర్తూ లేని స్వతంత్ర అభ్యర్థి కోలగట్ల వీరభద్రస్వామి. కేంద్రంలో మంత్రిగా చేసిన ఎర్రన్నాయుడిని 2009లో కిల్లి కృపారాణి ఓడించారు. పాత ఉమ్మడి జిల్లాల 19 అసెంబ్లీ సీట్లలో 2019లో వైసీపీ 17 గెలిచింది, అయిదేళ్లకు ఒక్కటీ మిగల్లేదు. దింపడం ఈ ఓటరుకు బాగా తెలుసు. ఎవరిని నిలబెట్టాలో చెప్పే వీలు మాత్రం ఆయనకు ఎవరూ ఇవ్వలేదు.

మనిషికి గడువు పెడితే మొదట దెబ్బ తినేది సభలో అనుభవం గడించినవాళ్లు. కావలి ప్రతిభాభారతి 1983లో ఎచ్చెర్ల ఎస్సీ రిజర్వుడు స్థానం నుంచి తొలిసారి గెలిచారు. దళిత మహిళ, సభకు కొత్త. 16 ఏళ్ల తర్వాత, 1999లో, ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి మహిళా స్పీకర్ అయ్యారు. ఆ కుర్చీ మొదటి దఫాలోనో రెండో దఫాలోనో వచ్చేది కాదు. నిబంధనలు చదవాలి, సభ నడిచే తీరు వంటబట్టాలి, రెండు వైపులా గౌరవం సంపాదించుకోవాలి. రెండు దఫాల చట్టం అప్పుడే ఉండి ఉంటే ఆమె 1989లోనే ఇంట్లో కూర్చునేవారు. విజయనగరంలో మీసాల గీత సంగతి మరోటి. 2014లో తెలుగుదేశం తరఫున గెలిచిన మహిళ. 2019లో ఆమె సీటును పార్టీ అశోక్ గజపతిరాజు కుమార్తె అదితికి ఇచ్చింది. ఆమెకు గడువు పెట్టింది చట్టం కాదు, ఓటరూ కాదు.

అనుభవం ఎందుకు కావాలో వంశధార ఫైలు తెరిచి చూస్తే తెలుస్తుంది. నీళ్లు చెరిసగం పంచుకుందామని ఆంధ్ర, ఒడిశాల మధ్య మాట కుదిరింది 1962లో. నేరడి దగ్గర బ్యారేజీ కట్టే విషయం తెమలక, కేంద్రం ట్రిబ్యునల్ వేసింది 2010లో. తీర్పు వచ్చింది 2017లో. ఇన్నేళ్లలో ఎంతమంది కలెక్టర్లు, ఎంతమంది చీఫ్ ఇంజినీర్లు మారి ఉంటారు! ఒడిశా ఏ అభ్యంతరం ఎప్పుడు పెట్టింది, ముంపు లెక్క ఎక్కడ తేలలేదు, కాట్రగడ్డ పక్క మత్తడి వైపు ఎందుకు వెళ్లాల్సి వచ్చింది అని సభలో లేచి నిలదీయగలిగినవాడు ఒక్కడైనా ఉండాలి. మొదటిసారి గెలిచిన ఎమ్మెల్యేకు ఇరిగేషన్ అధికారి ఏ కాగితం ఇస్తే అదే ప్రమాణం. కాలిఫోర్నియాలో 1990లో దిగువ సభ సభ్యులకు ఆరేళ్లు, సెనెటర్లకు ఎనిమిదేళ్లు అని ఓటర్లే గడువు పెట్టుకున్నారు. కమిటీ ఛైర్మన్లు పని నేర్చుకునేలోపే దిగిపోవడం మొదలైంది, అధికారుల మాట, లాబీయింగు చేసేవాళ్ల మాట పెరిగింది. 2012లో అదే ఓటర్లు దాన్ని సవరించి, రెండు సభల్లో కలిపి 12 ఏళ్లు, అదంతా ఒకే సభలో గడపవచ్చు అని మార్చారు. మన శాసనసభ ఏడాదిలో కూర్చునే రోజులే తక్కువ. అందులో జ్ఞాపకం ఉన్నవాళ్లను చట్టం పెట్టి పంపేస్తే సచివాలయానికి ఎదురు చెప్పేవాడు మిగలడు.

ఇంతకంటే ముఖ్యమైన పాఠం మెక్సికోది. 1933లో ఆ దేశం శాసనసభ్యులకు వరుసగా రెండోసారి పోటీనే లేకుండా చేసింది. ఎంత బాగా పనిచేసినా మళ్లీ ఓటరు దగ్గరకు వెళ్లే పని లేనప్పుడు సభ్యుడు ఎవరి వైపు చూస్తాడు? తర్వాతి పదవి ఇచ్చే పార్టీ పెద్దల వైపు. 2000 దాకా ఒకే పార్టీ అధ్యక్ష పీఠం మీద కొనసాగిన దేశమది. ఆ నిషేధాన్ని సడలించింది 2014 సవరణ.

మన దగ్గర అధిష్ఠానం వైపు చూడటానికి ఆ నిషేధం కూడా అవసరం లేకపోయింది. ఆ పని చేసేది బీఫారం. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం మూడు గంటల్లోపు రిటర్నింగ్ అధికారి చేతిలో ఉండాల్సిన కాగితమది. పార్టీ అధికారం ఇచ్చిన వ్యక్తి స్వయంగా సిరాతో సంతకం చేయాలి, రబ్బరు స్టాంపు సంతకం చెల్లదు. ఎన్నికల సంఘం ఆ సంతకం అసలుదా కాదా అని అంత పట్టుగా చూస్తుంది. ఆ అభ్యర్థిని ఎలా ఎంచుకున్నారని ఒక్క ముక్క అడగదు. నియోజకవర్గంలో పార్టీ సభ్యత్వం తీసుకున్న వేలమందిలో ఎవరినైనా అడిగారా, ఓటింగు పెట్టారా, కనీసం మండల కమిటీలు కూర్చున్నాయా అన్న వివరం ఆ కాగితం మీద ఎక్కడా ఉండదు. రాజకీయ పార్టీల్లో అంతర్గత ప్రజాస్వామ్యం కోసం చట్టం తేవాలని లా కమిషన్ తన 170వ నివేదికలో చెప్పింది 1999లో. ఆ సిఫారసు అలాగే పడి ఉంది.

జెండా మోసినవాడికి ఈ కాగితం అందదు. ఎంపీటీసీగా గెలిచి, ఎంపీపీ అయి, పార్టీ ప్రతిపక్షంలో ఉన్నప్పుడు కేసులు పెట్టించుకుని, పదిహేనేళ్లు ఇన్‌ఛార్జి వెంట తిరిగిన మనిషి టికెట్టు అడిగితే ‘ఖర్చు పెట్టగలవా’ అన్న ప్రశ్న మొదట వస్తుంది. చట్టం ప్రకారం అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు హద్దు 40 లక్షలు. ఆ హద్దు లోపల ఎన్నిక జరుగుతుందని నమ్మేవాళ్లెవరూ ఆ ప్రశ్న అడగరు. అసమ్మతి గట్టిగా వినిపిస్తే బుజ్జగింపులు, నామినేటెడ్ పోస్టు మాట. వినకపోతే రెబల్ అన్న ముద్ర.

తలుపు తెరిస్తే మనుషులు లేక కాదు. శ్రీకాకుళంలో 1985 నుంచి 1999 దాకా నాలుగుసార్లు గెలిచిన గుండ అప్పలసూర్యనారాయణ తర్వాత, 2014లో ఆయన భార్య లక్ష్మీదేవి గెలిచారు, 2019లో ఓడారు. 2024లో తెలుగుదేశం ఆ ఇంటిని దాటి గొండు శంకర్‌కు టికెట్టు ఇచ్చింది. శాసనసభకు కొత్త మనిషి. మంత్రిగా ఉన్న ధర్మాన ప్రసాదరావును భారీ తేడాతో ఓడించారు. ఆ నిర్ణయానికి కూడా నియోజకవర్గంలో ఓటింగు జరగలేదు, పైనుంచే వచ్చింది. అదే పార్టీ వచ్చేసారి అలాగే తీసేయవచ్చు కూడా.

పార్టీలే తమకు తాము గడువు పెట్టుకోవడం మన దేశంలో జరిగింది. మన తెలుగువాడు సీతారాం ఏచూరి 2005 నుంచి 2017 దాకా బెంగాల్ నుంచి రాజ్యసభలో ఉన్నారు. మూడోసారికి కాంగ్రెస్ మద్దతిస్తానంది. రెండు దఫాల నియమం ఉందని సీపీఎం కేంద్ర కమిటీ ఒప్పుకోలేదు, అప్పటికి ఆయన ఆ పార్టీ ప్రధాన కార్యదర్శి. రాజ్యసభ ఒక మంచి వక్తను పోగొట్టుకుందన్న బాధ నాకూ ఉంది. అయినా నియమం నాయకుడికీ వర్తించింది. 2021 కేరళ ఎన్నికల్లో అదే పార్టీ వరుసగా రెండుసార్లు గెలిచినవాళ్లను పక్కన పెట్టింది. ఆర్థిక మంత్రి థామస్ ఐజాక్‌కు కూడా టికెట్టు రాలేదు. కూటమి 140లో 99 సీట్లు గెలిచి అధికారం నిలబెట్టుకుంది.  

అందుకే నా ప్రతిపాదన మనిషి పోటీ హక్కు జోలికి పోదు. ఎవరైనా ఎన్నిసార్లయినా స్వతంత్రంగా నిలబడవచ్చు. కోలగట్ల 2004లో అలాగే గెలిచారు. గడువు పార్టీ టికెట్టుకు పెట్టాలి, లెక్క ఇంటికి వేయాలి. ఒక నియోజకవర్గంలో ఒకే ఇంటివాళ్లు, అంటే భార్యాభర్తలు, పిల్లలు, తోడబుట్టినవాళ్లు, ఒక పార్టీ నుంచి వరుసగా రెండుసార్లు టికెట్టు తీసుకున్నాక మూడోసారి కావాలంటే ఆ నియోజకవర్గ పార్టీ సభ్యుల రహస్య ఓటింగులో గెలవాలి. గెలిస్తే తీసుకోండి, ఎవరికీ అభ్యంతరం లేదు. ప్రతిభాభారతి లాంటివారు ఆ ఓటింగులో నిలబడతారు, పని చేసిన అన్నదమ్ములూ నిలబడతారు. ఇంటిపేరు ఒక్కటే ఉన్నవాళ్లు నిలబడరు. అసెంబ్లీలో ఓడిన వెంటనే మండలికి పంపడాన్నీ ఈ లెక్కలో కలపాలి. ఎన్నిక ఎలా జరిగిందో, ఎవరెవరు పోటీ పడ్డారో తెలిపే ఒక పత్రం బీఫారంతో పాటు రిటర్నింగ్ అధికారికి ఇవ్వాలి, ప్రజలందరికీ కనిపించాలి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. క్రిమినల్ కేసులున్న అభ్యర్థిని ఎందుకు ఎంచుకున్నారో పార్టీలు కారణాలు ప్రకటించి తీరాలని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. అదే పద్ధతిని అందరు అభ్యర్థులకూ విస్తరించమంటున్నాను.

దీన్ని ఇప్పుడే తేల్చుకోవడానికి ఒక కారణముంది. 2023లో వచ్చిన 106వ రాజ్యాంగ సవరణ శాసనసభల్లో మూడో వంతు సీట్లు మహిళలకు కేటాయించింది. జనగణన, పునర్విభజన తర్వాత అమలవుతుంది, ఆపై ప్రతి పునర్విభజనకూ ఆ సీట్లు మారతాయి. రాష్ట్ర విభజన చట్టంలోని 26వ సెక్షన్ ఆంధ్రప్రదేశ్ సీట్లను 175 నుంచి 225కు పెంచే మాట చెబుతుంది. సీట్లు పెరిగి, మూడో వంతు మహిళలకు వచ్చి, టికెట్టు ఇచ్చే పద్ధతి మాత్రం ఇలాగే ఉంటే ఏం జరుగుతుందో సర్పంచి ఎన్నికలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. కొత్త సీట్లు పాత ఇళ్లలో కోడళ్లకూ కూతుళ్లకూ పోతాయి. సాలూరులో గుమ్మిడి సంధ్యారాణి, కురుపాంలో తోయక జగదీశ్వరి లాంటివాళ్లు రిజర్వుడు స్థానాల్లో గెలిచి సభలో ఉన్నారు. స్వయం సహాయక సంఘాలు నడిపిన మహిళలు, అంగన్‌వాడీ ఉద్యమాల్లో నిలబడ్డ మహిళలు ఈ రెండు జిల్లాల్లో ఏ మండలానికి వెళ్లినా కనిపిస్తారు. వాళ్లు పార్టీ లోపల ఓటింగు అడిగే వీలే లేకపోతే ఆ మూడో వంతు వాళ్లది కాదు.

2029 ఎన్నికల సన్నాహాలకు ముందే తెలుగుదేశం, వైసీపీ, జనసేన, బీజేపీ, కాంగ్రెస్ తమ నియమావళుల్లో ఈ నిబంధన రాసుకోవచ్చు. దానికి పార్లమెంటు కోసం ఆగాల్సిన పని లేదు. ఆ పార్టీల సభ్యత్వ కార్డు జేబులో ఉన్న శ్రీకాకుళం, విజయనగరం, మన్యం కార్యకర్తలు మండల సమావేశాల్లో దీన్ని తీర్మానంగా పెట్టి పైకి పంపాలి. మా అభ్యర్థిని మమ్మల్ని అడిగి నిలబెట్టండి అని రాతపూర్వకంగా అడగాలి.